సాగుదారు పేరు లేని జాబితా
(ఆచార్య ఎన్. జి. రంగా స్మారకోపన్యాస పాఠము)



ఆచార్య గోగినేని రంగనాయకులుగారి జయంతి సందర్భమున వారి పేర ఈ ఉపన్యాసము చేయుటకు నన్ను నియోగించిన కార్యవర్గమునకు కృతజ్ఞుడను. మహనీయుల గుణగణములను ఏకరువు పెట్టి ముగించు ఉపన్యాసము వినుటకు ఇంపుగానే యుండును. ఐనను, ఏ ప్రశ్నకై ఆయన తన జీవితమును ధారవోసిరో ఆ ప్రశ్న నేడు ఏ రూపమున మన గుమ్మము ముందు నిలిచియున్నదో విచారించుటయే ఆయనకు మనము తీర్పదగిన ఋణమని తలచి, నేను ఆ త్రోవనే పట్టుచున్నాను.

1900వ సంవత్సరము నవంబరు 7వ తేదీన గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతుబిడ్డగా జన్మించి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్ర మభ్యసించి, ఆ శాస్త్రమును తాను పుట్టిపెరిగిన నేలపైననే ప్రయోగించి చూచిన విద్వాంసులు రంగాగారు. డెల్టా గ్రామముల ఆర్థికవ్యవస్థను గూర్చి 1926లోనే గ్రంథము ప్రకటించిరి. 1930లో కేంద్ర శాసనసభలో ప్రవేశించిరి. 1936లో లక్నోలో అఖిలభారత కిసానుసభ ఏర్పడినపుడు ప్రధానకార్యదర్శి అయిరి. కృష్ణా గోదావరీ డెల్టాలలో ప్రభుత్వము భూమిశిస్తును రీసెటిల్మెంటు పేర పెంచబూనినపుడు రైతుల పక్షమున నిలిచి పోరాడినవారిలో ఆయన అగ్రగణ్యులు. ఆనాటి రైతు ప్రభుత్వము నడిగిన ప్రశ్న ఒక్కటే: మా పొలముపై ఇంత శిస్తు ఏ లెక్కన కట్టితిరి, ఆ లెక్క మాకు చూపుడు. ఆనాడు సొమ్ము రైతు చేతినుండి సర్కారు ఖజానాకు పోవుచుండెను. ఈనాడు అదే ఖజానానుండి రైతు ఖాతాకు సొమ్ము వచ్చుచున్నది. ప్రవాహము దిశ మారినది, ప్రశ్న మారలేదు. ఎవరికి, ఏ పొలము మీద, ఎంత ఇచ్చితిరి, ఆ లెక్క మాకు చూపుడు. నేటి నా ప్రసంగమంతయు ఈ వాక్యమునకు వ్యాఖ్యానము.

ముందుగా ఈ సాయముల స్వరూపమును సంగ్రహముగా మనవి చేసెదను. కేంద్రప్రభుత్వము 2019 ఫిబ్రవరి 24న ప్రారంభించిన పీఎం కిసాన్ పథకము క్రింద భూమిగల రైతుకుటుంబమునకు సంవత్సరమునకు 6,000 రూపాయలు మూడు విడతలుగా వచ్చుచున్నవి. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 2019 అక్టోబరు 15న ఆరంభమైన రైతు భరోసా దానికి 7,500 చేర్చి మొత్తము 13,500 చేసినది. 2025 ఆగస్టు 2న మొదటి విడత విడుదలైన అన్నదాతా సుఖీభవ, కేంద్రపు 6,000తో కలిపి ఏటికి 20,000 రూపాయలని నిర్ణయించినది. తెలంగాణమున 2018 మే 10న మొదలైన రైతుబంధు కుటుంబమును గాక ఎకరమును కొలబద్దగా గైకొని, పంటకు ఎకరమునకు 4,000 చొప్పున, పిదప 5,000 చొప్పున, విస్తీర్ణమునకు పరిమితి లేకుండ చెల్లించినది. 2025 జనవరిలో దాని స్థానమున వచ్చిన రైతు భరోసా ఆ మొత్తమును 6,000 చేసినది. ఇవిగాక తుపానులు వచ్చినపుడు పెట్టుబడి రాయితీ, పంటల బీమా, ఎరువుల రాయితీ, ఉచిత విద్యుత్తు ఉండనే యున్నవి. ఇవన్నియు ప్రజాధనములు. వీనిని పొందుట రైతు హక్కనుటలో నాకు లేశమైనను సందేహము లేదు. అకాలవర్షములకు, ఎరువుల ధరలకు, ధాన్యపు బేరసారములకు ఒంటరిగా నెదురొడ్డుచు దేశమునకు అన్నము పెట్టువానికి దేశము చేయూతనిచ్చుట న్యాయము. హక్కు గనుకనే దాని లెక్క తెల్లముగా నుండవలయును.

మన పూర్వులకు ఈ తెల్లపు లెక్క క్రొత్తది కాదు. మదరాసు రాజధానిలో ఏటేట జమాబందీ యను నొక క్రమము జరుగుచుండెడిది. ఫసలీ సంవత్సరపు లెక్కలను కట్టగట్టి కరణము పైయధికారి యెదుట పెట్టవలయును. శిస్తు ఎక్కువ పడినదనియు, నీరు పారని చేనికి నీటితీరువా వేసిరనియు, తన పేర నుండవలసిన మడి మరియొకరి పేర చేరినదనియు మొరపెట్టుకొనదలచిన రైతు అక్కడికి వచ్చి చెప్పుకొనవచ్చును. ఆ పద్ధతిలో లోపములు లేవని నేననను. కరణము కలము బలము ముందు పేదరైతు నోరు లేవని గ్రామములు కోకొల్లలు. అయినను ఊరి లెక్కను సంవత్సరమున కొకసారి తనిఖీ చేసి తీరవలెనను నియమమొకటి యుండెను, ఆ తనిఖీకి తేదీ యుండెను, మొర వినుటకు ఒక మనిషి యుండెను. జమాబందీ క్రమముగా నామమాత్రమయ్యెను. 1984లో కరణము మునసబుల వ్యవస్థయే రద్దయ్యెను. లెక్కలు కాగితమునుండి కంప్యూటరులోనికి పోయినవి. మొర వినవలసిన మనిషి మాత్రము ఎక్కడ నున్నాడో తెలియక రైతు సచివాలయమునకు, మండల కార్యాలయమునకు, మీసేవకు, బ్యాంకుకు నడుమ తిరుగుచున్నాడు.

ఆ పాత లెక్కలలో రెండవ నంబరు లెక్క యనబడు అడంగలును ఒకసారి దగ్గరగా చూడుడు. ఎడమవైపు సర్వేనంబరు, దాని ప్రక్కన విస్తీర్ణము, మాగాణియో మెట్టయో, నీటి ఆధారమేమి, ఆ తరువాత పట్టాదారు పేరు, దానికి కుడివైపున అనుభవదారు పేరు, ఆపైన వేసిన పంట. పట్టా యొకరిదై సాగు మరొకరిది కావచ్చునను సత్యమును అడంగలు మొగమాటము లేక అంగీకరించి, ఇద్దరికిని వేర్వేరు గడులు కేటాయించినది. ఆ అనుభవదారు గడిని కరణములు ఎన్నిమారులు ఖాళీగా వదలిరో, ఎన్నిమారులు పట్టాదారు పేరునే మరల వ్రాసిరో అది వేరు సంగతి, గడి మాత్రముండెను. నేడు పంటసాయపు జాబితాలకు ఆధారమగు లెక్కలలో ఆ గడియే క్షీణించినది. తెలంగాణమున 2017లో ఆరంభమైన భూరికార్డుల ప్రక్షాళన పిదప, అక్కడి అడంగలైన పహాణీనుండి ఆ గడి తొలగిపోయినది. మన రాష్ట్రమున గడి మిగిలినను, సొమ్ము పంపిణీ వేళ దానిని సంప్రదించువారు అరుదు. సొమ్ము పొలమును చూచి రాదు, పాసుపుస్తకమును చూచి వచ్చును.

ఇది మన ప్రాంతమున ఎంత పెద్ద అన్యాయమునకు దారితీయునో మీకు నేను వివరింప బనిలేదు. రాష్ట్రమున కౌలుసాగు మిక్కిలి ఎక్కువగానున్న ప్రాంతములలో గోదావరి పశ్చిమ డెల్టా ఒకటి. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియై కాలువలు పారినది మొదలు ఇక్కడి భూమి విలువ పెరిగినది. విలువ పెరిగినకొలది పట్టాదారు పిల్లలు చదువుకొని ఏలూరునకు, హైదరాబాదునకు, అమెరికాకు పోయిరి. భూమి ఊరిలో మిగిలి, దానిని దున్నువాడు కౌలుదారు డయ్యెను. సార్వా పంట కౌలు బస్తాలకే సరిపోగా దాళ్వా మీద వచ్చినదే తనకు మిగులునని లెక్కవేసికొని, విత్తనమునకు, దమ్ముకు, ఊడ్పునకు, ఎరువునకు, మందుకు వడ్డీ వ్యాపారి వద్ద సొమ్ము తెచ్చి, డిసెంబరు తుపానులో పనలు నీటమునిగిన రాత్రి గట్టుపై నిలిచి యేడ్చినవాడు కౌలుదారుడు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినపుడు మన మాగాణులలో ఆ దృశ్యము మీరందరు చూచినదే. ఆ తుపానునకు నష్టపరిహారము వ్రాయునపుడు, పంట యెవరిదని గాక పట్టా యెవరిదని అడిగినచో, నష్టమొకనిది, పరిహారము మరియొకనిది యగును.

చట్టములు లేకపోలేదు. 1956 నాటి ఆంధ్రప్రాంత కౌలుచట్టము, 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టము, 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టము వరుసగా వచ్చినవి. 2011 చట్టము రుణార్హత కార్డునిచ్చినది. 2019 చట్టము పదునొకండు నెలల సాగుహక్కు పత్రమునిచ్చినది గాని, దానికి భూయజమాని సంతకము కావలెనన్నది. ఆ సంతకమువద్దనే చట్టము ఆగిపోయినది. సంతకము పెట్టిన మరునాడే కౌలుదారుడు పొలము తనదనునేమోయను భయము ఒక కారణము. అదే భూమిపై తాను తీసికొన్న పంటరుణమున్నది, కౌలుదారునకు కార్డు వచ్చినచో బ్యాంకు ఆ నేలపై రెండవ రుణ మీయదు, కావున తన రుణమునకు అడ్డుపడునేమోయను లెక్క రెండవ కారణము. పైగా 2019 నాటి రైతు భరోసా నియమముల ప్రకారము కౌలుదారులలో షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాకులకు చెందిన భూమిలేనివారికే సాయము. తక్కిన కులములకు చెందిన నిరుపేద కౌలుదారునకు ఆ ద్వారము మూసియుండెను. ధాన్యము అమ్ముకొనునపుడును ఇదే చిక్కు. పంట నమోదు పట్టాదారు పేర నున్నచో, మద్దతుధర సొమ్ము పట్టాదారు ఖాతాలోనే పడును. అది చేతికి వచ్చువరకు కౌలుదారుడు ఆయన యింటి చుట్టు తిరుగవలయును.

ఇక జాబితాలు ప్రకటింపబడుచున్నవి కదా యని యెవరైన అనవచ్చును. ప్రకటింపబడుచున్నవి, నిజమే, అవి ఎట్లుండునో ఊహించి గాదు, చూచి చెప్పుచున్నాను. తాడేపల్లిగూడెమునకు చేరువగానున్న యొక పల్లెలో రైతుసేవా కేంద్రపు గోడకు వరుసగా కాగితము లంటించియున్నవి. క్రమసంఖ్య, రైతుపేరు, తండ్రి లేక భర్త పేరు, ఖాతానంబరు, అర్హుడు లేక అనర్హుడు అను గడులు. అక్షరములు చిన్నవి, అడుగు కాగితము వానకు తడిసి ముడుతలు పడినది. ఒక వృద్ధురాలు తన పేరు కొరకు వెదకుచున్నది; చదువు వచ్చిన మనుమరాలు వ్రేలు పెట్టి వరుసవెంట దించుచున్నది. చివరకు దొరికినది ఆమె పేరు కాదు, కీర్తిశేషుడైన ఆమె భర్త పేరు. ప్రక్కగడిలో అనర్హుడని యున్నది. ఎందుకో వ్రాసి లేదు. భర్త పేరనున్న పట్టా భార్య పేరునకు మారకపోవుటయే కారణమని అక్కడి యువ వ్యవసాయ సహాయకుడు ఓపికతో చెప్పినాడు. మార్పించుటకు ఎవరివద్దకు పోవలెనో కూడ చెప్పినాడు. అతని తప్పు లేదు. కారణము కాగితముపై నుండవలసినది గాని అతని ఓపికపై నాధారపడవలసినది కాదు. ఆ గోడపైననే మరియొక లోపము కలదు: ఎన్ని పేర్లున్నను, ఏ సర్వేనంబరును ఎవరు దున్నుచున్నారో అందొక్క వరుసయు చెప్పలేదు. పేరు మాత్రమే యుండి పొలము లేని జాబితాను ఊరివారు సరిచూడలేరు. పొలము పేరు చెప్పినచో, అది బీడో, వరిచేనో, చేపల చెరువో గేదెలు కాచు పిల్లవాడు సైతము చెప్పగలడు.

చేపల చెరువు మాట వచ్చినది గనుక కొల్లేటి సంగతి చెప్పక తీరదు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ, బుడమేరు తమ్మిలేరుల నీటిని పట్టి, ఉప్పుటేటి ద్వారమున సముద్రమునకు వదలు ఈ సరస్సును 1999లో ప్రభుత్వము అయిదవ కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో ఇది అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల రామ్‌సార్ జాబితాలో చేరినది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేర అక్రమ చెరువుల గట్లను తెగగొట్టిరి. గట్లెట్లు తెగినవో, మరల ఎట్లు లేచినవో మీకు తెలియును. కొల్లేటి చరిత్ర మనకు నేర్పు పాఠము స్పష్టము: లంకగ్రామముల మత్స్యకార సహకారసంఘముల పేర చెరువులిచ్చిరి, కాగితముపై సభ్యులు పేదలు, నీటిపై పెట్టుబడియు, లాభమును దూరపు ధనికులవి. పేరొకరిది, అనుభవమొకరిది. అనుభవదారు గడి లేని లెక్క ఎచ్చట నున్నను బినామీకి నీడ దొరకును.

కొల్లేటి అంచున కైకలూరు, మండవల్లి, ఆకివీడు ప్రాంతములలో వరిచేలు చెరువులుగా మారి దశాబ్దములైనది. వ్యవసాయభూమి ఇండ్లస్థలములుగానో, చేపల రొయ్యల చెరువులుగానో మారినచో, రికార్డులో పొలమని యున్నను సాయము వర్తింపదని 2019 నాటి రైతు భరోసా నియమములు స్పష్టముగా చెప్పినవి. కాని రికార్డులో మాగాణియని యుండి నేలపై చెరువైన భూమి ఏదో నిర్ణయింపవలసినది ఎవరు? ఈ-పంట నమోదులో సహాయకుడు పొలమున నిలిచి తీసిన ఛాయాచిత్రము కలదు. సాయపు జాబితా కలదు. ఈ రెంటిని సర్వేనంబరు వారీగా ప్రక్కప్రక్కన నుంచి ఊరికి చూపినచో ఒక పూటలో తేలిపోవు విషయమిది. అట్లు చూపుట లేదు గనుకనే అనుమానములు పెరిగి, అర్హుడును అనర్హుడును ఒకే గాటన పడుచున్నారు. ఆక్వారైతునకు యూనిట్టు రూపాయిన్నరకు విద్యుత్తు నిచ్చు రాయితీయును ఇట్టిదే. రెండెకరముల చెరువు గలవానికి అది ప్రాణాధారము. పది ఊళ్ళలో పదిపేర్ల మీటర్లు గలవానికి అది లాభముపై లాభము. ఏ మీటరు ఎవరి అనుభవమున నున్నదో తెలియక ఈ ఇరువురిని వేరుచేయుట ఎట్లు?

లెక్కను వెలికి తీసినచో ఏమగునో చూపుటకు నిదర్శనములు కలవు. సమాచారహక్కు చట్టము క్రింద పెట్టిన యొక దరఖాస్తునకు కేంద్ర వ్యవసాయశాఖ ఇచ్చిన జవాబువలన, పీఎం కిసాన్ క్రింద 20.48 లక్షల మంది అనర్హులకు 1,364 కోట్ల రూపాయలు చేరినట్లు 2021 జనవరిలో లోకమునకు తెలిసినది. వారిలో సగమునకు మించినవారు ఆదాయపు పన్ను చెల్లించువారు. పొరుగున తమిళనాడులో 2020లో అధికారుల పాస్‌వర్డులు చేజారి లక్షలాది అనర్హుల పేర్లు చేరినవి. ఇవి దూరపు కార్యాలయములందలి లెక్కలు. గ్రామమున బహిరంగముగా చదివిన లెక్కకు ఇంతకు మించిన శక్తి కలదని చూపినది మన రాష్ట్రమే. ఉపాధిహామీ పనులపై 2006 నుండి ఇక్కడ సామాజిక తనిఖీలు జరిగినవి. 2009లో దానికొక ప్రత్యేక సంస్థ ఏర్పడినది. మస్టరురోలు ఊరినడుమ గట్టిగా చదివినపుడు, చనిపోయినవాని పేర కూలి పడినట్లు విని ఆతని బంధువులే లేచి నిలిచిన సందర్భములు కలవు. రాజస్థానమున 1994 చివర మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ నడపిన జనసునవాయిలనుండి, అనగా బహిరంగ విచారణలనుండి, పెరిగిన చైతన్యమే 2005 నాటి సమాచారహక్కు చట్టమునకు మూలబలము. ఆ చట్టపు నాలుగవ సెక్షను, రాయితీ పథకముల అమలు విధానమును, కేటాయించిన మొత్తములను, లబ్ధిదారుల వివరములను ఎవరును అడుగకయే ప్రభుత్వము ప్రకటింపవలెనని శాసించుచున్నది. ఉపాధికూలికి వర్తించిన ఆ తనిఖీని పంటసాయమునకు వర్తింపజేయుటకు క్రొత్త చట్టము కూడ అక్కరలేదు.

వ్యక్తిగత గోప్యత మాటేమి యని న్యాయమైన శంక యొకటి కలదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, సమాచారహక్కు చట్టపు ఎనిమిదవ సెక్షనును సవరించి వ్యక్తిగత సమాచారమునకు విశాలమైన మినహాయింపు నిచ్చినది. దానిని సాకుగొని లబ్ధిదారుల జాబితాలను దాచుదురేమోయను భయము నిరాధారము కాదు. ఇతరదేశములు ఈ చిక్కును ఎట్లు విప్పినవో చూతము. అమెరికాలో రాయితీలు పొందిన రైతుల పేర్లకొరకు వాషింగ్టన్ పోస్ట్ పత్రిక కోర్టుకెక్కి 1996లో గెలిచినది; పిదప ఒక స్వచ్ఛందసంస్థ ఆ వివరములను ఇంటర్నెట్టులో నుంచగా, రాయితీలలో అధికభాగము పదింట ఒకవంతు పెద్ద గ్రహీతలకే పోవుచున్నదని జనులు కన్నులార చూచిరి. ఐరోపాలో ఇద్దరు జర్మను వ్యవసాయదారుల వ్యాజ్యమున, అక్కడి అత్యున్నతన్యాయస్థానము 2010 నవంబరులో, చిన్నపెద్ద తారతమ్యము లేక ప్రతివ్యక్తి పేరును ప్రకటించుట తగదని తీర్పు చెప్పినది. దానితో ఐరోపా ప్రకటనను మానివేయలేదు. 2013లో క్రొత్త నియమము చేసి, అత్యల్పమొత్తములు పొందు చిన్నరైతుల పేర్లను గోప్యముగా నుంచి తక్కినవానిని ప్రకటింపజొచ్చినది. ఈ రెండనుభవములలోను సారాంశమొక్కటే: ఎంత పెద్ద మొత్తమో అంత ఎక్కువ వెలుగు.

మన పల్లెలకు ఈ సూత్రము నిట్లు అన్వయింపవచ్చును. ఆధార్ సంఖ్య, బ్యాంకుఖాతా, టెలిఫోను నంబరు గోడకెక్కరాదు. అవి ప్రజలకు అక్కరలేదు, మోసగాండ్రకే అక్కర. కాని ఏ సర్వేనంబరుపై, ఎవరి సాగునకు, ఎంత ప్రజాధనము పోయినదో అది ఊరి సొత్తు. జాబితా వలన ఊరిలో అసూయలు, కక్షలు రేగునని కొందరందురు. గట్టు పంచుకొన్న రైతులకు ఎవని పొలము నెవడు దున్నుచున్నాడో ముందే తెలియును. తెలియనిది ప్రభుత్వపు రికార్డునకే. తెలిసిన సత్యమును కాగితముపై నుంచుటవలన కక్షలు పుట్టవు. తెలిసిన సత్యమును కాగితము కాదనినపుడే పుట్టును. కౌలుదారు పేరు వ్రాసినచో భూమి పోవునని పట్టాదారుల భయము. సాగుదారు కార్డువలన భూమిపై ఎట్టి హక్కును సంక్రమింపదని చట్టమే పలుకుచున్నది. ఆ వాక్యమును కార్డుపైనను, జాబితా శిరస్సునను పెద్ద అక్షరములతో ముద్రించుట ప్రభుత్వ ధర్మము. పట్టాదారు మన శత్రువు కాడు. అతని భయమును తీర్పకుండ అతని సంతకము నడుగుట వ్యర్థము.

కావున నా విన్నపములను క్రోడీకరించెదను. ప్రతి విడతకు ముందు గ్రామమున ప్రకటించు జాబితాలో సర్వేనంబరు, విస్తీర్ణము, పట్టాదారు, అనుభవదారు, పంట, మొత్తము అను ఆరు గడులుండవలయును. అనర్హుడనిన చోట కారణము ఒక్క వాక్యమున వ్రాయవలయును. జాబితాను గోడకంటించుటతో సరిపెట్టక గ్రామసభలో గట్టిగా చదివి వినిపింపవలయును. అక్షరము రానివానికి చెవి యున్నది. అభ్యంతరములకు గడువిచ్చి, వ్రాతమూలకముగా జవాబీయవలయును. అనుభవదారు నిర్ణయమునకు పట్టాదారు సంతకమే శరణ్యము కాక, సరిహద్దు రైతుల వాఙ్మూలము, ఈ-పంట ఛాయాచిత్రము, గ్రామసభ తీర్మానము సాక్ష్యములు కావలయును. ఒకే కుటుంబమునకు అనేక గ్రామములలో వచ్చిన మొత్తములను జిల్లాస్థాయిలో కూడి చూపవలయును. ఏలయన అయిదూళ్ళలో అయిదు చిన్న రైతులుగా కనబడువాడు కూడినచో ఒక్క పెద్ద రైతు కావచ్చును. మరల చెప్పుచున్నాను, ఇందులో ఏ గడియు రైతును దొంగగా చూచుటకు కాదు. జాబితాలో పేరుండి సొమ్మురానివాడు, పొలమున చెమటయుండి జాబితాలో పేరులేనివాడు, ఈ ఇద్దరికి ఆధారము దొరకుటకే.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీలి, ఏలూరు ఒక జిల్లాకు కేంద్రమై, తాడేపల్లిగూడెము పశ్చిమ గోదావరిలో మిగిలినది. జిల్లాల గీతలు మారినను కాలువలొక్కటే, కౌలు షరతులొక్కటే, కష్టమొక్కటే. వెంకటరామన్నగూడెమున ఉద్యానవిశ్వవిద్యాలయమున్నది, రాష్ట్ర వ్యవసాయవిశ్వవిద్యాలయమునకు రంగాగారి పేరే యున్నది, ఏలూరునందు కళాశాలలు కలవు. ఈ విద్యాలయముల విద్యార్థులు తమ సెలవులలో ఒక్కొక్క గ్రామమును తీసికొని, సాయపు జాబితాను పొలముల గట్ల వెంట నడచి సరిచూచి, ఆ ఫలితమును గ్రామసభ ముందుంచినచో, 1926లో రంగాగారు డెల్టా పల్లెలను గూర్చి చేసిన పరిశోధనకు అది తగిన కొనసాగింపగును. పత్రికలవారు సాయమెంత విడుదలయ్యెనో శీర్షికలలో వ్రాయుచున్నారు; ఏ ఊరిలో ఎవరికి చేరలేదో కూడ వ్రాయవలెనని ప్రార్థించుచున్నాను. అధికారులకు నా మనవి: తెరచిన లెక్క మీ నిజాయితీకి రక్ష, మూసిన లెక్క మీలో మంచివారికి కూడ మచ్చ తెచ్చును.

చివరగా రైతుసోదరులతో ఒక్క మాట. రాబోవు గ్రామసభకు మీరందరు వెళ్ళుడు. మీ ఊరి సాయపు జాబితాను సర్వేనంబరులతో, సాగుదారుల పేర్లతో సహా చదువుడని అడుగుడు. ఇచ్చిన జవాబును తీర్మానపు పుస్తకమున వ్రాయించుడు. వ్రాయకున్నచో సమాచారహక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టుడు. పట్టాదారులారా, మీ కౌలుదారుని చేయిపట్టుకొని వచ్చి, ఈ పొలమును దున్నువాడితడని సభలో స్వయముగా చెప్పుడు. రంగాగారి పేర మనము చేయగల సేవలలో దీనికి మించినది నాకు తోచుట లేదు.